పోటు చూసుకుని పడవెక్కాలి

నందిగామ పక్కగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పుణెలో మొదలై బందరులో ఆగుతుంది. మా ఊరి దగ్గర బస్సెక్కి ఆ రోడ్డు చివరిదాకా కూర్చుంటే సముద్రం వస్తుందన్నమాట. అయినా మా మెట్ట ప్రాంతంలో బందరంటే ఎవరికీ సముద్రం గుర్తుకు రాదు. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడేదాకా మాకు బందరంటే కలెక్టరాఫీసు, జిల్లా కోర్టు. పట్టాదారు పుస్తకంలో పేరు తప్పు పడిందనో, గట్టు తగాదా తెగలేదనో కాగితాల సంచీ చంకన పెట్టుకుని తెల్లారుజామున బయల్దేరడం, చీకటిపడ్డాక లడ్డూ పొట్లంతో దిగడం. జిల్లా విడిపోయాక ఆ పని కూడా లేకుండా పోయింది. జగ్గయ్యపేట, నందిగామ వైపు పుట్టిన ఈ కాలం పిల్లలకి సముద్రమంటే విశాఖే తప్ప, తమ ఏటి నీళ్లు కలిసే సముద్రం ఎక్కడుందో తెలియదు.

మా పెద్దక్కను అవనిగడ్డ ఇచ్చారు. అందువల్ల నాకు ఆ దారి అలవాటు. పామర్రు దాకా బందరు రోడ్డు మీదే పోయి, అక్కడ కుడికి తిరిగితే కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, ఆ పైన నాగాయలంక. దారి పక్కనే ఘంటసాల. రెండో శతాబ్దంలో టాలెమీ తన భూగోళంలో రాసుకున్న కొంటకోస్సిల రేవు ఇదేనని చరిత్రకారులు అంటారు. మా జగ్గయ్యపేటలో బౌద్ధ స్తూపం ఉంది, 1882లో బర్జెస్ దొర తవ్వించింది. ఘంటసాలలోనూ బౌద్ధ స్తూపం ఉంది. రెండూ కృష్ణ పరీవాహకంలోనివే. మెట్టకూ రేవుకూ రాకపోకలు ఈనాటివి కావని ఆ రాళ్లు చూసినప్పుడల్లా అనిపిస్తుంది నాకు. ఘంటసాల మ్యూజియం చూడటానికి గంట చాలు. తప్పకుండా ఆగండి.

నేను చెప్పదలచుకుంది మాత్రం నాగాయలంక గురించి. పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణలో ఒక పాయ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. రెండోది నాగాయలంకను ఒరుసుకుంటూ పోయి, ఆ కింద మళ్లీ పాయలై, మడ అడవుల మధ్య నుంచి కడలి చేరుతుంది. ఈ మడ అడవులన్నీ కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం, దాదాపు 195 చదరపు కిలోమీటర్లు. ఆ పాయల ఒడ్డున సొర్లగొంది, నాచుగుంట, ఎలచెట్లదిబ్బ వంటి మత్స్యకార పల్లెలున్నాయి. నాగాయలంక రేవులో వేట పడవలు, పీతల బుట్టలు, ఐసు పెట్టెలు, ఎండు చేపల వాసన. పెద్ద ఊరు కాదు, హంగులు లేవు. సెలవు రోజుల్లో ఇక్కడికి కార్లు రావడం మొదలైంది. రావద్దని నేననను, రమ్మనే అంటాను. అయితే ఎలా వస్తున్నాం, వచ్చి ఏం చేస్తున్నాం అన్నదాని మీదే నాకు పేచీ ఉంది.

ఒక ఫిబ్రవరి ఉదయం మా బావగారు మాట్లాడి పెట్టిన పడవలో పాయలోకి వెళ్లాం. నీళ్లు తీస్తున్న వేళ, వాళ్ల మాటలో పాటు. మడ మొదలయ్యే మలుపులో సరంగు ఇంజన్ ఆపి గెడ అందుకున్నాడు. ఒడ్డున బురద నిగనిగలాడుతూ బయటపడి ఉంది. మడచెట్ల ఊపిరి వేళ్లు ఆ బురదలోంచి మేకులు దిగ్గొట్టినట్టు నిటారుగా లేచి ఉన్నాయి. ముందు నాకేమీ కనబడలేదు. కాసేపు కదలకుండా కూర్చుంటే బురదంతా కదలడం మొదలైంది. బొటనవేలి గోరంత పీతలు, మగవాటికి ఒక డెక్క ఒంటికి మించిన సైజు, దాన్ని ఎత్తి దించి ఎత్తి దించి ఆడపీతల్ని పిలుస్తున్నాయి. వాటి మధ్య నీళ్లు లేని చోట కూడా రెక్కల మీద పాకుతూ, తోకతో ఎగిరి గెంతే చిన్న చేపలు. వాటి కళ్లు నెత్తి మీద ఉబ్బి ఉంటాయి. అవతల వంపు తిరిగిన పొడుగు ముక్కు పక్షులు ఆ ముక్కు బురదలోకి పూర్తిగా దించి పురుగుల్ని లాగుతున్నాయి. అవి చలికాలంలో ఉత్తరాసియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చేవి. సరంగు గెడతో ఒక చోట చూపించాడు. గుండ్రటి అడుగులు, వేళ్ల ముందు సన్నటి గీతలు. రాత్రి నీటిపిల్లి నడిచిన జాడ. దాని గోళ్లు మామూలు పిల్లి గోళ్లలా పూర్తిగా లోపలికి ముడుచుకోవు, అందుకే బురదలో గీత పడుతుంది. పులికి ఉన్నంత చట్టరక్షణ, 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలు, ఈ పిల్లికీ ఉంది. అది రాత్రి తిరిగే జంతువు, మాకు కనబడలేదు. ఆ అడుగులు చూడటానికే అంతదూరం పోవచ్చు.

"ఇంకో గంటకి పోటు తగులుద్దండీ. నీళ్లెక్కాక ఇయ్యేం కనపడవు. చూసేది ఇప్పుడే చూడండి" అన్నాడు సరంగు. ఆ మాట అన్న కాసేపటికే ఇంకో బోటు వచ్చింది. పాతిక మంది కుర్రాళ్లు, సౌండు బాక్సు, సినిమా పాట. మలుపు తిరిగిందో లేదో పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. పీతలు బొరియల్లోకి దూరాయి. బోటు పోయాక కూడా పక్షులు మళ్లీ దిగలేదు. అంతలో నీళ్లు ఎక్కడం మొదలైంది.

అక్కడ జరిగిన నష్టం ఏమిటో ఆ కుర్రాళ్లకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. ఈ పక్షులకు రోజంతా తిండి దొరకదు. బురద తేలి ఉన్న ఆ కొద్ది గంటలే వాటికి మేత వేళ. పోటు వస్తే మూత పడుతుంది. వచ్చే నెలలో మళ్లీ అంత దూరం ఎగరడానికి కావలసిన కొవ్వు ఆ గంటల్లోనే కూడబెట్టుకోవాలి. పొలంలో పనిచేసేవాణ్ణి కనక నాకు ఇది ఇట్టే అర్థమైంది. పదును ఉన్నప్పుడే విత్తనం పడాలి, దాటితే ఆ ఏడాదికి లేదు. అందుకే నాగాయలంకలో పడవలు ఎప్పుడు కదలాలో పోటూ పాటూ చూసి నిర్ణయించాలి. సెలవు రోజును బట్టీ, కార్ల రద్దీని బట్టీ కాదు.

తాబేళ్ల సంగతి ఇంకా సున్నితం. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి రాత్రిపూట వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్క గూటిలో వంద పైచిలుకు. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. సముద్రం మీద పడే మసక వెలుతురును ఆనవాలు పట్టుకుని నీళ్లలోకి పాకుతాయి. ఒడ్డున కారు లైట్లో, దుకాణం బల్బో వెలిగితే అటు పోతాయి, తెల్లారేసరికి కాకులకు ఆహారం. అటవీ శాఖ వాళ్లు మత్స్యకారుల సాయంతో గుడ్లు ఏరి కంచె వేసిన చోట పాతి, పిల్లల్ని సముద్రంలో వదులుతున్నారు. మంచి పని. సరిగ్గా అదే కాలంలో మాఘ పౌర్ణమి వస్తుంది. సాగర సంగమ స్నానానికి హంసలదీవికి జనం పోటెత్తుతారు. నేనూ స్నానం చేశాను, మా అమ్మను తీసుకెళ్లి చేయించాను. స్నానం తెల్లారాక చేసినా పుణ్యం పుణ్యమే. రాత్రి ఇసుక మీదికి వాహనాలు దిగకుండా, జనరేటర్ లైట్లు సముద్రం వైపు తిరగకుండా కట్టడి చేస్తే ఏ భక్తుడికీ లోటు రాదు.

హంసలదీవి దగ్గరి పాలకాయతిప్ప ఒడ్డున చచ్చిపడిన తాబేలును చూశాను. వీపు చిప్ప నా రెండు చేతుల వెడల్పు, మెడ ఉబ్బి ఉంది, మీద గాయం ఏమీ లేదు. ట్రాలరు వలలో చిక్కి ఊపిరాడక చచ్చేవి ఇలాగే కొట్టుకొస్తాయని మత్స్యకారులు చెప్పారు. వలకు తాబేలు బయటపడే ద్వారం కట్టే పరికరం ఉంది. అది వాడటం లేదనే మన దేశపు సముద్రపు రొయ్యను అమెరికా కొన్నేళ్లుగా కొనడం మానింది. తాబేలు చచ్చిపోతే మత్స్యకారుడికీ నష్టమేనని ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలల్లో వలలు బాగుచేసుకుంటూ కూర్చున్న మనిషికి మనం ఏం ఇస్తున్నాం?

నా ప్రతిపాదన ఇక్కడి నుంచే. నాగాయలంకలో వన్యప్రాణుల్ని చూపించే పని పూర్తిగా ఆ పల్లెల మత్స్యకారులకూ, మడలో పీతలు పట్టుకు బతికే యానాదులకూ అప్పగించాలి. ఏ పాయలో నీటికుక్కలు తిరుగుతాయో, తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ఏమవుతుందో వాళ్లకు తెలిసినట్టు బయటివాళ్లకు తెలియదు. పక్షుల పేర్లు నేర్పి, గుర్తింపు కార్డు ఇచ్చి, టిక్కెట్టు డబ్బులో ఎక్కువ భాగం ఊరికే దక్కేటట్టు చూడాలి. వేట నిషేధం నెలలకు ఇందులోంచి కొంత సొమ్ము దాచిపెట్టవచ్చు. కాకినాడ దగ్గర కోరంగిలో మడ అడవి మధ్యకు చెక్కబాట వేశారు, జనం నడిచి చూసి వస్తున్నారు. నాగాయలంకకూ అటువంటి చిన్న బాట ఒకటి, చిన్న పడవలు కొన్ని చాలు. రిసార్టులొద్దు. ఇక్కడే గుల్లలమోద వైపు క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న ప్రధాని శంకుస్థాపన చేశారు. దేశరక్షణ పనిని నేను కాదనను. దానికి కొంత చోటు పోయాక మిగిలిన చోటైనా హోటళ్లకు పోకూడదు.

భద్రత విషయంలో మాత్రం రాజీ పనికిరాదు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు. మేం విజయవాడ వెళ్లే దారిలోనే ఆ చోటు. లైఫ్ జాకెట్ తొడుక్కోని వాణ్ణి పడవెక్కించకపోతే చాలు, సగం దిగులు తీరుతుంది.

మా మెట్టవాళ్లకూ ఇందులో బాధ్యత ఉంది. మా మునేరు కృష్ణలో కలుస్తుంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వదిలారు. ఆ వరదలో మా పత్తి చేల, మిరప తోటల గట్ల మీద పారేసిన పురుగుమందు డబ్బాలు ఎన్ని కొట్టుకుపోయాయో చూసినవాణ్ణి. అవి ఆగేది ఎక్కడ? మడ వేళ్లలో. ఆ వేళ్ల దగ్గరే రొయ్య పిల్ల, పండుగప్ప పిల్ల పెరుగుతుంది. 1977 నవంబరు 19 ఉప్పెన ఈ పల్లెలున్న దివిసీమను ముంచి వేల మందిని పొట్టన పెట్టుకుంది. మడ దట్టంగా ఉన్నచోట అల విసురు తగ్గిందని అక్కడి పెద్దలు నేటికీ చెబుతారు. ఆ ఊళ్లకు మడ ప్రాణరక్ష. అందులోకి మన డబ్బాలు పోకూడదు. ఖాళీ డబ్బాల్ని మందుల దుకాణమే వెనక్కి తీసుకునే పద్ధతి నందిగామ డివిజన్‌లో మొదలుపెట్టమని వ్యవసాయ శాఖను అడుగుతున్నాను.

ఈ చలికాలం మా ఊరి హైస్కూలు పిల్లల్ని ఒక బస్సులో నాగాయలంక తీసుకెళ్దామని నలుగురం అనుకున్నాం. విజయవాడ పార్కుల్లో జారుడుబల్లలు వాళ్లు చూసేశారు. పొద్దున ఘంటసాల, మధ్యాహ్నం మోపిదేవిలో భోజనం, పాటు వేళకు పడవ. పాటు ఉదయమే ఉంటే వరస తిరగేస్తాం. ఇందుకు మాకు కావలసింది ఒకటే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏ తేదీన ఎన్నింటికి పోటు, ఎన్నింటికి పాటు, ఆ పూట ఎన్ని పడవలకు అనుమతి అన్న పట్టిక తెలుగులో అచ్చువేసి, నాగాయలంక రేవులో ఒక బోర్డు మీద, ప్రతి మండల విద్యాధికారి ఆఫీసులో ఒక కాపీ పెట్టించండి. తేదీ చూసుకుని బస్సు మేమే మాట్లాడుకుంటాం.