చావు తెగువే వీరధర్మమా?

చోడవరం నుంచి నర్సీపట్నం మీదుగా కృష్ణదేవిపేట వెళితే అల్లూరి సీతారామరాజు సమాధి వస్తుంది. ఇంత దగ్గర్లో అది ఉండగా, యోధుడి నీతి అనగానే మన ఉపన్యాసకులు జపాన్‌కు పోతారు. ప్రాణాన్ని గడ్డిపోచగా చూసిన సమురాయ్‌లే ఆదర్శమని, వాళ్ల యోధధర్మమైన బుషిదో ముందు మరేదీ నిలవదని పిల్లలకు నూరిపోస్తారు. ఈ మాట నేనొప్పుకోను.

బుషిదోను ప్రపంచానికి పరిచయం చేసిన పుస్తకాన్ని ఇనాజో నితోబే అమెరికాలో కూర్చుని ఇంగ్లీషులో రాశాడు. అది 1900లో అచ్చయింది. సమురాయ్‌లు కత్తి పట్టి తిరగకూడదని జపాన్ ప్రభుత్వం 1876లోనే ఆజ్ఞ జారీ చేసింది. అంటే కత్తి పోయాక పుట్టిన కీర్తి అది. చావును పొగిడే ‘హగకురె’ పుస్తకంలోని మాటలు చెప్పిన యమమోతో త్సునెతొమో ఏ యుద్ధమూ చేయలేదు. మరి కత్తులు ఆడిన రోజుల్లో? 1592-98 కొరియా దండయాత్రలో చంపినవాళ్ల ముక్కులు కోసి, ఉప్పులో ఊరేసి, ప్రభువు హిదెయొషికి పంపారు. వాటిని పాతిన దిబ్బ క్యోటోలో నేటికీ ఉంది. ప్రభువు కోసం చావడానికి వెనుదీయనివాళ్లే ఆ పనీ చేశారు.

మనవాళ్లంతా మచ్చలేనివాళ్లని నా వాదన కాదు. 1757 జనవరిలో బొబ్బిలి కోట పడిపోతుంటే ఆడవాళ్లనూ పసిపిల్లలనూ సొంతవాళ్లే చంపుకున్నారు. దాన్ని పౌరుషమని పాడుకుంటున్నాం. నాకది ఈనాటికీ గుండెకోతే.

ఆయుధం చేతిలో ఉన్నవాడు ఎక్కడ ఆగాడన్నదే నా కొలత. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరుసగా మూడు పోలీసు స్టేషన్ల మీద సీతారామరాజు దాడి చేశాడు. ఆ తర్వాతి దాడులకు ముందే మిరపకాయ టపాతో కబురంపడం, తీసుకున్న తుపాకుల లెక్క స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టడం రాజు పద్ధతి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో పొంచి ఉన్న అతని దళం, ముందు నడుస్తున్న మన సిపాయిలను పోనిచ్చింది. తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ వచ్చాకే తుపాకులు పేల్చింది. ఆ సిపాయిలు వచ్చింది ఈ దళాన్ని వేటాడటానికే. అయినా వాళ్ల మీదికి గురి పెట్టలేదు. కోపం మరుగుతున్న వేళ, కొండ మలుపులో, ఎవరిని కాల్చాలి, ఎవరిని వదలాలి అని చూసుకోగలగడం చావుకు తెగించడం కన్నా ఎంతో కష్టం.

1924 మే 7న రాజు తెల్లవాళ్ల చేతికి చిక్కాడు. కొయ్యూరులో చెట్టుకు కట్టేసి, కోర్టు లేదు, విచారణ లేదు, కాల్చి చంపారు.