‘బాగుంది’ అని లేచిపోకండి

శుక్రవారం పొద్దున ఎయిర్‌పోర్టు దారిలో, సాతంరాయి దగ్గర బెంగళూరు హైవే పక్కన ఏ చాయ్ బండి ముందైనా ఓ అరగంట నిలబడండి. రాత్రే కొత్త సినిమా చూసి, నిద్రకళ్ళతోనే డ్యూటీకి పోతున్న పిల్లలు కనబడతారు. ‘‘ఫస్టాఫ్ ఓకే అన్నా. సెకండాఫ్ జర ల్యాగ్. క్లైమాక్స్‌ల మ్యూజిక్ లేకుంటే సినిమా పండుకునేది.’’ మూడు ముక్కల్లో కథ, వేగం, సంగీతం తేల్చేశారు. పక్కవాడు ఒప్పుకోడు. గ్లాసు కింద పెట్టి మరీ వాదిస్తాడు. షిఫ్టు టైము ముంచుకొస్తే తప్ప ఆ తగువు తెగదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఆ నోరు నాకు కావాలి. ఆ పంతం కావాలి. సినిమాకు ఎలాగూ ధారపోస్తున్నారు, అందులో పిడికెడు జాజ్‌కు ఇవ్వండి.

నవ్వేవాళ్ళు నవ్వండి. మా జట్టులోనూ మొదట నవ్వారు. మేం నలుగురం: కార్గోలో రాత్రి షిఫ్టు చేసే తమ్ముడు, ఎయిర్‌పోర్టుకు క్యాబ్ తోలే తమ్ముడు, నర్సింగ్ చదివే చెల్లెలు, తల నెరిసిన నేను. పదిహేను రోజులకోసారి డాబా మీద చాప పరిచి ఒక ఆల్బమ్ మొదటినుంచి చివరిదాకా వింటాం. మధ్యలో ఎవరూ ఫోన్ ముట్టుకోకూడదు. అయిపోయాక కొట్లాడుకుంటాం.

తొలిసారి పెట్టింది మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’. పెట్టింది ఫోన్‌లోనే. ‘సో వాట్’ సగం కాకముందే కార్గో తమ్ముడు మొహం చిట్లించాడు: ‘‘అన్నా, గీన్ల ఎవడో రెండు ముక్కలంటున్నడు, మళ్ల ఊకుంటున్నడు. దేనికంటున్నడో సమజైతలేదు.’’ నాకు కోపం వచ్చింది. లోకమంతా మెచ్చిన రికార్డును ఇంత మాట అంటాడా అని. తరువాత మూఢం వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు, ఫంక్షన్ హాళ్ళకు తాళాలు, తెలిసినవాళ్ళ డీజే బాక్సు ఖాళీగా పడి ఉంది. తెచ్చి, సౌండు తగ్గించి, అదే పాట మళ్ళీ పెట్టాం. పాల్ చేంబర్స్ బాస్ అందుకోగానే తమ్ముడు లేచి కూర్చున్నాడు. ‘‘వామ్మో, అడిగేటోడు కింద ఉన్నడే!’’

ఆ పాట నడిచేదే అలా. బాస్ ఒక మాట అడుగుతుంది, ముందు పియానో, ఆ తరువాత ట్రంపెటూ శాక్సఫోన్లూ రెండేసి దెబ్బలతో బదులిస్తాయి. ఫోన్ స్పీకర్‌కు బాస్ పలికే సత్తా లేదు. ప్రశ్నను మింగేసి జవాబులే వినిపించింది. తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. ‘బాగుంది అన్నా’ అని మర్యాదకు తల ఊపి ఉంటే ఆ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు, నేనూ ఆ పాటను సగమే వింటూ ఉండేవాణ్ణి. అందుకే అంటున్నా, నచ్చకపోతే నచ్చలేదనండి. ఎక్కడ నచ్చలేదో వేలు పెట్టి చూపించండి.

ఆ రికార్డుకే ఇంకో కథ ఉంది. 1959లో రెండు విడతల్లో, మార్చి 2న, ఏప్రిల్ 22న, న్యూయార్క్‌లో కొలంబియా కంపెనీ స్టూడియోలో దాన్ని రికార్డు చేశారు. మార్చి 2న టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును మామూలు వేగంతో తిప్పి రికార్డులు అచ్చుకొట్టేసరికి మొదటి వైపు మూడు పాటలూ శ్రుతి పిసరంత ఎక్కి వచ్చాయి. 1992లో సరిచేసిన ప్రతి వచ్చేదాకా లోకం ఆ పొరపాటునే మెచ్చుకుంటూ వింది. దాంతో కలిపి వాయించబోయి, తమ వాయిద్యమే శ్రుతి తప్పిందనుకుని బిరడలు తిప్పినవాళ్ళు ఎందరున్నారో! పెద్ద పేరున్న రికార్డు కదా అని చెవి మూసుకోకండి. మీ చెవికి తేడా కొడితే కొట్టిందనే చెప్పండి.

‘జాజ్ మనదా?’ అంటారు. ఈ మాట నాకు నచ్చదు. మన పెళ్ళి ఊరేగింపుల్లో మర్ఫా మోగగానే కాళ్ళు ఆగవు కదా, ఆ మర్ఫా ఎక్కడిది? నిజాం కొలువుకు వచ్చిన హద్రమీ అరబ్బులూ, ఆఫ్రికా సిద్దీలూ తెచ్చిన మోత అది. ఏసీ గార్డ్స్ బస్తీ పేరులో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. ఆఫ్రికా నుంచి ఓడల్లో బానిసలుగా వెళ్ళినవాళ్ళ మనవల చేతుల్లో జాజ్ పుట్టింది. గుర్రపు దళంలో చేరినవాళ్ళ మోత మన బరాత్‌లో నిలిచింది. వరసలు కలుపుకుంటే దూరపు చుట్టాలే.

ఇక అప్పటికప్పుడు అల్లడమంటారా, అష్టావధానం చూసినవాళ్ళకు అదేం కొత్త? పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు, నిషిద్ధాక్షరిలో నోటికొచ్చిన అక్షరాన్ని వద్దంటాడు, అవధాని ఛందస్సు గడప దాటకుండా పద్యం పూర్తి చేస్తాడు. ‘సో వాట్’కూ గడప ఉంది. 32 బార్లు. పదహారు ఒక చోట, తరువాతి ఎనిమిది అర మెట్టు పైన, చివరి ఎనిమిది మళ్ళీ మొదటి చోట. ఆ చుట్టు లోపలే శాక్సఫోన్ ఊదే కోల్‌ట్రేన్ అయినా కానన్‌బాల్ అడర్లీ అయినా తిరగాలి. శాస్త్రం ఒక్క ముక్క రాని మా నర్సింగ్ చెల్లెలు మూడోసారి వింటూ చెయ్యెత్తింది: ‘‘ఇగో, ఇక్కడ నేల జర లేచింది.’’ పుస్తకం రాసినవాళ్ళు అంతకంటే ఏం చెప్పారు?

అలాగే మన మాటల్లోనే చెప్పండి. నడక, ఎత్తుగడ, గమకం, వంత, తని, జవాబు... మాటలకు కరువు లేదు. డేవ్ బ్రూబెక్ ‘టైమ్ అవుట్’లో పాల్ డెస్మండ్ రాసిన ‘టేక్ ఫైవ్’ ఉంది. అయిదు దెబ్బల చుట్టు. తొడ మీద ‘తకిట తక’ అని వేసుకోండి, చిన్నపిల్లాడికీ అందుతుంది. స్టార్లు మాత్రం వేయకండి. మూడున్నర స్టార్లు అంటే ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒకరు అన్న మాటే చివరి మాట కావాలని లేదు. 1961 నవంబరులో డౌన్‌బీట్ పత్రికలో ఒక విమర్శకుడు జాన్ కోల్‌ట్రేన్, ఎరిక్ డాల్ఫీల వాయింపు జాజ్‌కే వ్యతిరేకమని తిట్టిపోశాడు. అదే నెలలో కోల్‌ట్రేన్ న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్‌లో ‘ఇండియా’ అనే పాట వాయించి రికార్డు చేస్తున్నాడు. మరుసటి ఏప్రిల్‌లో అదే పత్రిక ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి, వాళ్ళ జవాబు అచ్చువేసింది. తిట్టు కూడా పనికొచ్చింది. వాళ్ళేం చేస్తున్నారో వాళ్ళ నోటితోనే చెప్పాల్సి వచ్చింది. మీరూ తిట్టండి, కాకపోతే జవాబు వినే ఓపిక ఉంచుకుని తిట్టండి.

మనవాడి మాట ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేళ్ళ వయసులో తండ్రి మాండొలిన్ అందుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. ఆ గదిని ఒక్కసారి కళ్ళముందు పెట్టుకోండి. వేలు ఎక్కడ పెట్టాలో చూపించే దిక్కు లేదు. గొంతులో స్వరం జారితే, ఆ జారుడు తీగ మీద ఎక్కడుందో పిల్లవాడే వెతుక్కోవాలి. పుస్తకం లేదు, వీడియో లేదు, ఉన్నది చెవి ఒక్కటే. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ. 1983లో, పద్నాలుగేళ్ళకే, బెర్లిన్ జాజ్ ఫెస్టివల్ వేదిక ఎక్కాడు. ఆ తరువాత ‘రిమెంబర్ శక్తి’ బృందంలో గిటార్ వాయించే జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా వాయించే జాకిర్ హుస్సేన్‌ల పక్కన కూర్చున్నాడు. 2000లో వచ్చిన వాళ్ళ ‘ది బిలీవర్’ పెట్టుకుని గిటార్ అడిగినదానికి మాండొలిన్ ఎలా బదులిస్తుందో వినండి. 2014 సెప్టెంబరులో, నలభై అయిదేళ్ళకే పోయాడు. ఆయన ఆల్బమ్ ఒక్కటి కూడా కూర్చుని చివరిదాకా వినని తెలుగు కుర్రాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మండనివ్వండి, పెద్దవాణ్ణి.

టైము లేదనకండి. మీ షిఫ్టులు నాకు తెలుసు. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు తెరిచినప్పటినుంచీ ఈ ఊరి నిద్ర వేళలే మారిపోయాయి. పగలు పడుకునేవాళ్ళు, అర్ధరాత్రి అన్నం తినేవాళ్ళు ప్రతి గల్లీలో ఉన్నారు. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ముప్పావుగంట. మీరు రోజూ రీళ్ళు తిప్పే టైములో అది రెండుసార్లు అయిపోతుంది. డబ్బూ లేదనకండి, డీజే బాక్సు లేకపోతే ఇయర్‌ఫోన్‌లో తలో చెవి పంచుకోకుండా ఎవరిది వాళ్ళు పెట్టుకుని, ఒకేసారి నొక్కండి. కుడి చెవిలో ఒకరూ ఎడమ చెవిలో ఒకరూ పంచుకుంటే వాయించేవాళ్ళలో సగంమంది మాయమవుతారు. ఈ సంగతీ మాకు తగువు పడ్డాకే తెలిసింది.

వచ్చే ఆదివారం మాకు రెండు రికార్డులు. పాతది, 1971లో వచ్చిన ఆలిస్ కోల్‌ట్రేన్ ‘జర్నీ ఇన్ సచ్చిదానంద’. భర్త జాన్ పోయాక హార్ప్ ముందు కూర్చుని, వెనక తంబురా పెట్టుకుని చేసిన పని. తరువాతి కాలంలో ఆమె కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టి భజనలు పాడించింది, సత్యసాయి భక్తురాలై దాని పేరు సాయి అనంతంగా మార్చింది. మన ముందునుంచి పోయే ఈ బెంగళూరు హైవే పట్టుకునే పోతే అనంతపురం దాటాక ఆ సత్యసాయి ఊరు పుట్టపర్తికి దారి చీలుతుంది. కొత్తది, 2021లో వచ్చిన ‘ప్రామిసెస్’. ఫ్లోటింగ్ పాయింట్స్ అనే ఇంగ్లండు కుర్రాడు ఏడు స్వరాల చిన్న తునకను తిప్పుతూనే ఉంటాడు, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా మెల్లగా వచ్చి చేరుతుంది. రెండింట్లోనూ శాక్సఫోన్ ఊదింది ఒక్కరే, ఫారో సాండర్స్. మొదటిదాన్ని ముప్పై ఏళ్ళ ఊపిరితో ఊదాడు, రెండోది వచ్చేసరికి ఎనభై. ఆ ఊపిరిలో ఏం తగ్గిందో, ఏం పెరిగిందో పట్టుకోవడమే ఆ రోజు పని.

రండి. చాపలున్నాయి, చాయ్ చెల్లెలి వంతు. క్యాబ్ తమ్ముడు కొత్తదాన్ని ముందే వినేసి, ‘‘గదే ముక్క మళ్ల మళ్ల తిప్పుతున్నడు, నిద్రొచ్చింది’’ అని ఇప్పటినుంచే ఊరంతా చాటుతున్నాడు. వాడికి జవాబు చెప్పేవాళ్ళు మా నలుగురిలో లేరు.