సెలవు ప్రయాణమంటే టిక్కెట్టు ఒక్కటేనా?

మేము ఈ మాటలు వ్రాస్తున్న ఢిల్లీలోని కటవారియా సరాయ్ పేరులోనే ఒక పాఠమున్నది. సరాయ్ అనగా బాటసారులు బస చేసే విడిది. పూర్వులు బాటతోపాటు బసను గురించి కూడ ఆలోచించారు. మన ఎల్.టి.సి. మాత్రము బాటతోనే ఆగిపోయినది.

అండమాన్ దీవులనే తీసుకొందము. 2024లో శ్రీ విజయపురముగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు విశాఖ నుండి ఓడలో సుమారు రెండున్నర రోజుల ప్రయాణము. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవులలో నూటికి పదమూడుగురు తెలుగువారే. సెల్యులార్ జైలును కనులారా చూడవలెనని కోరని ఉద్యోగి అరుదు. విమానార్హత లేని ఉద్యోగులు కూడ విమానములో వెళ్లుటకిచ్చిన సడలింపును ప్రభుత్వము 2024లో మరి రెండేండ్లు పొడిగించినది. 2018 ఉత్తర్వులతో రైల్వే ఉద్యోగులు సైతము, ఆ యేటి ప్రివిలేజ్ పాసులు వదులుకొన్నచో, నాలుగేండ్లకొకమారు ఎల్.టి.సి. పొందవచ్చును.

ఇది సంతోషమే. కాని ఆ సొమ్ము ఛార్జీలకే. దిగిన తరువాత గది అద్దె, భోజనము, ఊరిలో తిరుగుటకయ్యే ఖర్చు అంతయు జీతములో నుండి పోవలసినదే. ఆ లెక్క వేసుకొనియే ట్రాక్‌మన్, పోస్ట్‌మన్ కుటుంబములు ప్రయాణము మానుకొంటున్నవి. గ్రామీణ డాక్ సేవకునికైతే ఆ టిక్కెట్టు కూడ లేదు.

కావున రెండు కోర్కెలను మేము సోదర ఉద్యోగుల ముందుంచుతున్నాము: దీవులలో చిన్న ఉద్యోగి భరించగల అద్దెకు విడిది గృహములు, డాక్ సేవకులకు ఎల్.టి.సి. హక్కు. ప్రతి శాఖా సంఘము వీటిపై తీర్మానము చేసి పంపవలెను. విశ్రాంతి పెద్ద జీతగాండ్ల సొత్తు కారాదు.