సూదంటురాయి – మన్యపు జ్వరం

మేము తెలుగు బోధించేవారము. ప్రయోగశాల గడప తొక్కే అర్హత మాకు తక్కువ. అయినా ఈ సంచికకు ప్రయోగశాల విషయాన్నే ఎన్నుకొన్నాము. కారణం ఒక మాట. పాఠ్యగ్రంథాలు అయస్కాంతమని, ఉర్దూ చదివిన మా విద్యార్థులు మిఖ్నాతీస్ అని పిలిచే వస్తువును మన పూర్వులు సూదంటురాయి అన్నారు. సూది వచ్చి అంటుకొనే రాయి! దానిని ఎన్నడూ చూడని బాలునికి కూడ అది చేసే పని ఆ మాటలోనే కనిపిస్తుంది.

ఈ రాయి నేడు జీవరసాయన శాస్త్రంలో మిక్కిలి సున్నితమైన పనికి వినియోగపడుతున్నది. జీవకణాన్ని చిదిమితే వేలరకాల ప్రోటీన్లు కలగాపులగంగా బయటపడతాయి. వాటిలో కావలసిన ఒక్కదానిని వేరుచేయడమెట్లు? 1975లో కోలర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు ఒకే లక్ష్యాన్ని గుర్తుపట్టే ప్రతిరక్షకాలను కావలసినన్ని తయారుచేసే మార్గం కనుగొన్నారు. మరుసటి సంవత్సరం నార్వేలో ఊగెల్‌స్టాడ్ అనే ఆచార్యుడు ఒకే పరిమాణంగల సూక్ష్మమైన ప్లాస్టిక్ పూసలు చేయగలిగాడు. తరువాత వాటిలో ఇనుప ఆక్సైడును నింపారు. ప్రతిరక్షకాలు పూసిన ఈ పూసలను ద్రావణంలో కలిపితే అవి తమ ప్రోటీనును పట్టుకొంటాయి. గొట్టం ప్రక్కన అయస్కాంతం పెట్టగానే పూసలన్నీ ఆ గోడకు చేరతాయి, తక్కినది పారబోయవచ్చు. అయస్కాంతాన్ని తొలగిస్తే పూసలు ఒకదానినొకటి అంటిపెట్టుకోక మరల విడివిడిగా కలుస్తాయి. అప్పుడు కడగాలి, ఒకసారి కాదు, పలుమార్లు. ఆ పైన లక్ష్యంతో సంబంధంలేని ప్రతిరక్షకం పూసిన పూసలతో మరొక గొట్టాన్ని కూడ నడుపుతారు. అందులోనూ అదే ప్రోటీను కనిపిస్తే మొదటి గొట్టాన్ని నమ్మరు. తన కంటిని తానే శంకించే ఈ గుణం మా సాహిత్య విమర్శకులకు కూడ అబ్బితే ఎంత బాగుండును!

అరకులోయలో ఇటువంటి పూసలతో పనిలేదు. కాని ప్రతిరక్షకం చేత ప్రోటీనును పట్టించే విద్య అక్కడి గుడిసెల అరుగుల మీద సాగుతున్నది. ఆశా కార్యకర్త జ్వరపీడితుని వ్రేలిని పొడిచి, ఒక రక్తపు బొట్టును చిన్న పట్టీ మీద వేస్తుంది. మలేరియా క్రిమి విడిచిన ప్రోటీను ఆ రక్తంలో ఉంటే, బంగారు రేణువులు మోసే ప్రతిరక్షకాలు దానిని పట్టుకొని పట్టీ వెంట ప్రయాణిస్తాయి. గీత వద్ద కాపు కాచిన ప్రతిరక్షకాలు వాటిని ఆపుతాయి. ఇరవై నిమిషాలలోగా ఎర్రని గీత తేలుతుంది. విద్యుత్తు అక్కరలేదు, సూక్ష్మదర్శిని అక్కరలేదు. రక్తపు పూతను కొండ దింపి, ఫలితం కోసం రోజుల తరబడి ఎదురుచూచే అవస్థ తప్పింది.

1897లో సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులోని కణాలలో నల్లని రేణువులు చూచి మలేరియా గుట్టు విప్పాడు. ఆ నలుపు, క్రిమి మన హీమోగ్లోబిన్‌ను ఆరగించి మిగిల్చిన ఇనుముగల పదార్థమే. అది పేరుకొన్న రక్తకణాలను బలమైన సూదంటురాయి లాగగలదు కూడ! ఇంత దూరం వచ్చిన విజ్ఞానం చివరి మెట్టు దగ్గర తడబడుతున్నదని మా అభిప్రాయం. ఆ మెట్టు మాట.

గత విహారయాత్రలో సొరంగాలన్నీ దాటి అరకులో దిగిన మరునాడు, సమీపంలోని ఒక పల్లెలో మేము కన్నులారా చూచినది చెబుతాము. ఒక తల్లి జ్వరంతో కాలిపోతున్న బిడ్డను తెచ్చింది. పరీక్ష జరిగింది. “నెగిటివ్” అన్నారు. ఆదివాసీ ఒడియా తప్ప ఎరుగని ఆ తల్లికి ఎవరో “ఏమీ లేదట” అని అర్థం చెప్పారు. ఆమె సంతోషించి వెళ్ళిపోయింది. మూడవనాడు మరల పరీక్షించగా గీత కనిపించిందని, బిడ్డను జీపులో దించారని తరువాత తెలిసింది. బిడ్డ బ్రతికింది. పట్టీ అబద్ధమాడలేదు, కార్యకర్త తప్పూ లేదు. ఆ ఒక్క మాటే మోసగించింది.

గీత లేకపోవడమంటే జ్వరం లేదని కాదు. క్రిములు మరీ కొద్దిగా ఉంటే పట్టీకి అందవు. ఆ జ్వరం టైఫాయిడో డెంగ్యూయో కావచ్చు. పట్టీ వెదికే ప్రోటీనును తయారుచేయని ఫాల్సిపారం క్రిములు కూడ ఉన్నవని పెరూ దేశపు పరిశోధన 2010లో వెల్లడించింది. గీత ఉన్నంత మాత్రాన మందు పనిచేయలేదనీ కాదు. ఆ ప్రోటీను వ్యాధి నయమైన తరువాత కూడ కొన్ని వారాలు రక్తంలో నిలుస్తుంది. ఇక పట్టీ సరిగా పనిచేసినదని తెలిపే రెండవ గీతే రాకపోతే ఆ పరీక్ష పరీక్షే కాదు. ఫాల్సిపారం మెదడుకు సోకితే ప్రాణాల మీదికి వస్తుంది గనుక ఇవి పండితుల సూక్ష్మచర్చలు కావు. పూసలను పలుమార్లు కడిగే శాస్త్రజ్ఞుడు, తన ఫలితాన్ని తెలిపే మాటను ఒక్కసారైనా కడగవద్దా?

శాస్త్రానికి ఇంగ్లీషే చాలునని, అనువాదాలు నవ్వులపాలవుతాయని మా సహాధ్యాపకులు కొందరంటారు. కొంత నిజమే. ప్రోటీనును మాంసకృత్తు అనమని మేము పట్టుబట్టము. కందిపప్పులో మాంసమెక్కడిదని విద్యార్థి అడిగితే మా వద్ద సమాధానం లేదు. మేము కోరేది పారిభాషిక పదాలు కాదు, వాక్యాలు. “ఈ పట్టీకి ఈ రోజు క్రిమి దొరకలేదు, జ్వరం తగ్గకుంటే తప్పక మళ్ళీ రా” అన్నది తెలుగులో ఒక్క వాక్యం. అది ఆదివాసీ ఒడియాలో, కువిలో ఎట్లుండాలో ఆ తల్లులే చెప్పాలి.

మా విద్యార్థులు ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు నడుపుకొనేవారు. ఒక భాషలోని అర్థం మరొక భాషలోకి పోయేటప్పుడు ఎక్కడ జారిపోతుందో వారికి అనుభవపూర్వకంగా తెలుసు. వచ్చే ఏటి యాత్రలో బొర్రా గుహల వద్ద ఛాయాచిత్రాలు తీసుకొన్న పిదప ఒక పూట మిగుల్చుకొని, ఆశా కార్యకర్తల ప్రక్కన కూర్చొని, అటువంటి నాలుగు వాక్యాలు వ్రాసుకొని రండి. వాటిని తెలుగు లిపిలో, ఉర్దూ లిపిలో ఈ పత్రికలోనే అచ్చువేయవలసిందిగా సంపాదకవర్గాన్ని ఇప్పుడే అభ్యర్థిస్తున్నాము.