ఉక్కు నగరంలో పెరటి పాఠం

1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ భిలాయ్‌లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని దేశం నలుమూలల నుంచి వచ్చిన కుటుంబాలలో ఉత్తరాంధ్ర పల్లెల వారూ ఉన్నారు. మొదటి తరానికి సేద్యం చేతి పని. రెండో తరానికి సెలవుల జ్ఞాపకం. క్వార్టర్లలో పెరుగుతున్న మూడో తరానికి అది పాఠ్యపుస్తకంలోని బొమ్మగా మిగిలే ప్రమాదం ఉంది.

ఈ దూరం ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న కూడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో ఐదేళ్లలోపు పిల్లలలో 67.2 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. వరి పండే నేలలలోనే ఈ పరిస్థితి నెలకొంది. కడుపు నిండటం, ఒంటికి పోషకాలు అందటం వేర్వేరు విషయాలని ఈ అంకెలు చెబుతున్నాయి. మరోవైపు చక్కెర వినియోగం పెరుగుతోందన్న ఆందోళనతో, పాఠశాలల్లో చక్కెర హెచ్చరిక బోర్డులు పెట్టాలని సీబీఎస్ఈ 2025 మేలో ఆదేశించింది.

బోర్డు హెచ్చరించగలదు, రుచిని మాత్రం నేర్పలేదు. తాను విత్తిన తోటకూర నెల తిరగకముందే కోతకు రావడం చూసిన పిల్లవాడు దానిని రుచి చూడటానికి సులువుగానే ముందుకొస్తాడు. చేతి పని ద్వారా చదువు అన్న ఆలోచన మనకు కొత్త కాదు. 1937లో వార్ధా సదస్సులో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీమ్‌కు అదే పునాది. బడిలో పోషక తోటల కోసం కేంద్రం 2019లో మార్గదర్శకాలు జారీ చేసింది. స్థలం లేనిచోట కుండీలలోనూ, డాబాలపైనా పెంచవచ్చు.

భిలాయ్‌కు స్థానికంగా ఒక సౌలభ్యం ఉంది. ఛత్తీస్‌గఢీలో పెరటి తోటను ‘బారీ’ అంటారు, ఆకుకూరను ‘భాజీ’ అంటారు. అక్కడి అమారీ భాజీ మన గోంగూరకు దగ్గరి బంధువు. మునగా భాజీ మన మునగాకే. ఒకే మొక్కకు తరగతిలో రెండు మూడు భాషల పేర్లు వినిపిస్తే, వలస కుటుంబాల పిల్లలకు ఆ తోట సొంతమవుతుంది. దుర్గ్ జిల్లాలోనే టమాటా సాగుకు పేరొందిన ధమధా ప్రాంతం ఉంది. పొలం చూడటానికి పిల్లలు ఎంతో దూరం వెళ్లనవసరం లేదు. పుష్య పౌర్ణమి నాటి ఛేర్‌ఛేరా పండుగకు పిల్లలు ఇంటింటికీ తిరిగి కొత్త ధాన్యం అడుగుతారు. కోతల పాఠానికి అంతకన్నా మంచి రోజు ఏముంటుంది?

అయితే తోట వేయడం కంటే దానిని నిలబెట్టడం కష్టం. వేసవి సెలవుల్లో నీరు పోసేవారు లేకపోతే జూన్‌కు మిగిలేవి ఎండిన మళ్లే. అందువల్ల బాధ్యుల పేర్లు ముందే ఖరారు కావాలి. వారానికి ఒక పీరియడ్ టైమ్‌టేబుల్‌లో చేరాలి. పండినది మధ్యాహ్న భోజనంలోకి వెళ్లాలి. పీఎం పోషణ్ నిబంధనల ప్రకారం ప్రాథమిక తరగతుల విద్యార్థికి రోజుకు 50 గ్రాములు, ప్రాథమికోన్నత విద్యార్థికి 75 గ్రాముల కూరగాయలు అందాలి. చిన్న తోట ఆ అవసరాన్ని పూర్తిగా తీర్చలేకపోవచ్చు. కానీ కోసిన కూరను పిల్లలే తూచి వంటగదికి ఇస్తే లెక్కలు, విజ్ఞానశాస్త్రం, ఆహారం ఒకే పాఠంగా కలుస్తాయి. తనిఖీకి వచ్చే అధికారి మళ్లను లెక్కపెట్టి వెళ్లిపోకుండా, ఆ రోజు కంచంలోకి తోట నుంచి ఏం వచ్చిందని అడిగితే చాలా బడులలో ఈ పథకం నిలదొక్కుకుంటుంది.