డాక్టరు వ్రాసిన మాటకే కోడు

మన సంఘాల యౌవనస్థులు కొందరు హైదరాబాదులో మెడికల్ కోడింగ్ పనిలో ఉన్నారు. అమెరికా ఆసుపత్రుల డాక్టర్లు వ్రాసిన జబ్బుకు తగిన కోడు ఎంచి, బిల్లు కోసం నమోదు చేయడమే ఆ పని. "మావాడు రాత్రిళ్లు ఏమి చేస్తాడండీ?" అని తల్లిదండ్రులు మమ్మును అడుగుతుంటారు గనుక ఒక్క జబ్బును తీసుకొని చెబుతాము.

పొగాకు వలన, కట్టెల పొయ్యి పొగ వలన కూడా వచ్చే దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బును సి.ఓ.పి.డి. అంటారు. వేరే వివరము లేకుంటే దానికి జె44.9. ఎగ్జాసర్బేషన్, అనగా ఉన్న జబ్బు ఒక్కసారిగా ఎక్కువైనదని వ్రాస్తే జె44.1. ఊపిరితిత్తులలో ఇన్‌ఫెక్షన్ కూడా చేరితే జె44.0, అది న్యుమోనియా అయితే దాని కోడు వేరుగా వేయాలి. ఎంఫిసీమా అని మాత్రమే వ్రాస్తే జె43.

చిక్కంతా జె44.1 దగ్గరే. రోగికి ఆక్సిజన్ పెట్టారు, స్టెరాయిడ్లు ఇచ్చారు. జబ్బు ముదిరిందని చదివిన ఎవరికైనా తోస్తుంది. అయినా డాక్టరు ఆ మాట వ్రాయనిదే కోడు వేయరాదు. ఆయననే అడిగి వ్రాయించుకోవాలి. వేరే జబ్బుతో చేరిన రోగికి ఈ కోడు కూడా తోడైతే ఆసుపత్రికి వచ్చే సొమ్ము పెరగవచ్చు. ప్రభుత్వ మెడికేర్‌కు తెలిసి తప్పుడు బిల్లు పంపేవారి మీద 1863 నాటి చట్టమే నేటికీ ప్రయోగిస్తారు. పైగా రాని ఉపద్రవము రోగి రికార్డులో వచ్చినట్టే ఉండిపోతుంది.

ఓ.పి. చీటీలో "సి.ఓ.పి.డి. కావచ్చు" అని ఉంటే జె44 అసలే పనికిరాదు. దగ్గుకు ఆర్05, ఆయాసానికి ఆర్06 వరుసలలో చూసుకోవలసిందే.