డ్రాగన్ మళ్ళీ ఎప్పుడు నిప్పు కక్కుతుంది?

వైకుంఠపాళి ఆడేటప్పుడు మీరీ మాట వినే ఉంటారు: "ఇన్నిసార్లు వేసినా ఆరు పడలేదు. ఈసారి తప్పకుండా పడుతుంది!" ఈ నమ్మకంలో నిజమెంత? తేల్చుకోవడానికి ఒక డ్రాగన్ సాయం తీసుకుందాం.

డ్రాగన్ అంటే పాశ్చాత్య దేశాల కథల్లో కనిపించే రెక్కల మృగం. నోటినుంచి నిప్పు కక్కుతుంది. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను వెలువరించారు. ఇది బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు వీరులుగా, మంత్రగాళ్ళుగా పాత్రలు ధరించి, తామేం చేస్తారో నోటితో చెబుతారు. ఫలితాన్ని చాలావరకు పాచికలు తేలుస్తాయి. ప్రతి పాత్రకూ, ప్రతి మృగానికీ ప్రాణబలం పాయింట్లలో ఉంటుంది. దెబ్బ తగిలితే పాయింట్లు తగ్గుతాయి.

ఈ ఆటలో డ్రాగన్ ఊపిరి మహా భయంకరమైన ఆయుధం. మరి దాన్ని ఎన్నిసార్లు వాడవచ్చు? 1981లో కొత్తగా నేర్చుకొనేవారి కోసం వచ్చిన పుస్తకం ప్రకారం రోజుకు 3 సార్లు మాత్రమే. ఆ దెబ్బ, అప్పటికి డ్రాగన్‌కు మిగిలి ఉన్న ప్రాణబలంతో సమానం. 2014 నాటి నియమాలు వేరు. ఎదిగిన ఎర్ర డ్రాగన్ నిప్పు 60 అడుగుల దూరం దాకా శంకువు ఆకారంలో వ్యాపిస్తుంది. ఆ దెబ్బ సగటున 63 పాయింట్లు. చురుగ్గా తప్పుకోగలిగితే సగమే. ఒకసారి నిప్పు కక్కాక, డ్రాగన్ ప్రతి వంతు మొదట్లోనూ ఆరు ముఖాల పాచిక వేస్తారు. 5 గాని, 6 గాని పడితే ఊపిరి మళ్ళీ సిద్ధం!

ఏది మంచి నియమం? పాతదానిలో ఒక సుగుణం ఉంది. డ్రాగన్‌ను గాయపరచిన కొద్దీ దాని నిప్పు చల్లారుతుంది. కారణానికి తగిన ఫలితమన్నమాట. కాని వేళ్ళమీద మూడు లెక్కపెట్టుకుంటే చాలు, ఆ రోజుకిక నిప్పు భయం లేదు. అందుకే కొత్త నియమమే మేలని నా అభిప్రాయం. అది మన ఆలోచనలోని తప్పును పట్టి చూపిస్తుంది.

ఎలాగంటారా? ఆరు ముఖాల్లో రెండు డ్రాగన్‌కు అనుకూలం. అంటే సంభావ్యత 1/3. సగటున 3 వంతులకొకసారి ఊపిరి సిద్ధమవుతుంది. అయితే మూడో వంతుకు తప్పక సిద్ధమవుతుందా? కాదు. మూడుసార్లూ విఫలమయ్యే సంభావ్యత 2/3 × 2/3 × 2/3 = 8/27. అంటే 100కి దాదాపు 30 సార్లు. అలా మూడుసార్లు విఫలమయ్యాక, నాలుగోసారి అవకాశం పెరుగుతుందా? లేదు, అప్పుడూ 1/3 మాత్రమే. పాచికకు జ్ఞాపకం ఉండదు!

"వెంటవెంటనే మూడుసార్లు నిప్పు కక్కితే ఆటగాళ్ళకు అన్యాయం కదా?" అని మీరడగవచ్చు. మొదటిదాని తర్వాత వరుసగా మరో రెండుసార్లు కక్కే సంభావ్యత 1/9. జరగవచ్చు. అందుకే తెలివైన ఆటగాళ్ళు ఒకేచోట గుమిగూడరు, దూరదూరంగా నిలబడతారు. ఎప్పుడు వస్తుందో తెలియని ఆపదకు ముందుజాగ్రత్తే మందు.

ఈ సంగతి ఆటతో పోయేది కాదు. "ఇన్నాళ్ళు తగల్లేదు, ఈసారి లాటరీ తగలాల్సిందే" అని అప్పుచేసి టిక్కెట్లు కొనేవారున్నారు. "ముగ్గురూ ఆడపిల్లలే, నాలుగో కాన్పులో మగపిల్లవాడే" అని ధీమాగా చెప్పేవారున్నారు. జరిగిపోయిన కాన్పులు రాబోయే కాన్పుకు హామీ ఇవ్వవు. ఈ చిన్న లెక్క తెలియక ఎన్ని ఇళ్ళలో ఎంతమంది తల్లులు మాటలు పడుతున్నారో ఆలోచించండి.

నా మాట నమ్మనక్కరలేదు. ఒక పాచిక తీసుకొని 120 సార్లు వేసి, పడినవన్నీ వరుసగా రాయండి. వరుసగా మూడుసార్లు 5, 6 పడని చోట్లన్నీ గుర్తించండి. ఆ వెంటనే ఏం పడిందో చూడండి. 5, 6 పడినవి మూడింట ఒక వంతుకు దగ్గరగా ఉంటాయి. ఈసారి ఎవరైనా "తప్పకుండా పడుతుంది" అంటే, ఆ కాగితం చూపించండి!